విమాన సంస్థ మిమ్మల్ని బొట్టు పెట్టి పిలవాలంటే

పేరంటానికి ఎవరూ దరఖాస్తు పెట్టుకోరు. గుమ్మంలోకి వచ్చి బొట్టు పెట్టి పిలిస్తేనే వెళ్తారు. పెద్ద విమాన సంస్థలు తరచూ ఎగిరేవారికి ఇచ్చే హోదాల్లో అన్నిటికంటే పైది కూడా అలాంటిదే. యునైటెడ్‌లో గ్లోబల్ సర్వీసెస్, అమెరికన్‌లో కన్సీర్జ్‌కీ, డెల్టాలో డెల్టా 360, ఎమిరేట్స్‌లో ఐఓ, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో ప్రీమియర్. వీటిలో దేనికీ ఫారం ఉండదు, "ఇంత ఖర్చు పెడితే ఇస్తాం" అన్న పట్టిక ఎక్కడా ఉండదు. సంస్థ తన లెక్కలు తను చూసుకుని ఎవరిని పిలవాలో తేల్చుకుంటుంది.

మరి చేయడానికేముంది అంటారా? చాలా ఉంది. పిలుపు మన చేతిలో లేకపోయినా, మనం పెట్టిన ప్రతి రూపాయీ ఆ సంస్థ లెక్కలో మన పేరు మీదే పడేలా చూసుకోవడం మన చేతిలోనే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం నుంచి ఎగిరేవాళ్లకు చిల్లు పడేది అక్కడే. ఏడాదికి ఇరవై, ముప్పై లక్షల టికెట్లు కొని, చివర చూస్తే ఖాతాలో సగం కూడా కనిపించదు. ఆ చిల్లులు ఎక్కడుంటాయో, ఎలా పూడ్చాలో వరసగా చూద్దాం. యునైటెడ్‌ని నమూనాగా తీసుకుంటున్నాం. అమెరికాలో ఉంటూ ఊరికి వచ్చిపోయే మనవాళ్లు చాలామంది దాన్నో, దాని జట్టు సంస్థల్నో ఎక్కుతారు కాబట్టి, పైగా దాని అంకెలు విడమరిచి చెప్పడం తేలిక కాబట్టి.

ముందు, మీకిది కావాలా?

టెక్కలి నీలి గ్రానైట్ ఎగుమతి చేసేవారు, పైడిభీమవరం మందుల కంపెనీల్లో విదేశీ తనిఖీల పని చూసే పెద్ద ఉద్యోగులు, ఆఫ్రికా జీడిగింజలు తెప్పించే పలాస వ్యాపారులు, నెలకోసారి అమెరికా ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగే కన్సల్టెంట్లు. ఈ వరసలో ఉన్నవారైతే చివరిదాకా చదవండి. ఏడాదికి ఒక్కసారి సంక్రాంతికో, సిరిమాను ఉత్సవానికో వచ్చి వెళ్లేవారైతే ఈ పేరంటం ఊసు వదిలేసి, దాని కింద ఉన్న మెట్టు చూసుకోవడం మేలు.

ఎందుకంటే మనవాళ్లకు విమానంలో నిజంగా అక్కరకొచ్చేది ఇంకో బ్యాగు. రెండు కేజీల జీడిపప్పు, అప్పడాలు, ఆవకాయ, అత్తగారు కట్టిచ్చిన పూతరేకులు, వీటన్నిటికీ చోటు కావాలి. యునైటెడ్, లుఫ్తాన్సా లాంటి సంస్థల జట్టు పేరు స్టార్ అలయన్స్. ఆ అదనపు బ్యాగు ఆ జట్టులోని గోల్డ్ హోదాతోనే వచ్చేస్తుంది. బరువు లెక్కన నడిచే రూట్లలో అదనంగా 20 కేజీలు, బ్యాగుల లెక్కన నడిచే రూట్లలో అదనంగా ఒక బ్యాగు. లాంజ్‌లోకి ప్రవేశం, చెకిన్ దగ్గర వేరే వరస కూడా గోల్డ్‌తోనే దక్కుతాయి. ఎయిర్ ఇండియా 2014 జూలై నుంచి స్టార్ అలయన్స్‌లో ఉంది కాబట్టి ఈ సౌకర్యాలు దేశంలోపల కూడా పనికొస్తాయి. యునైటెడ్‌లో గోల్డ్‌కి 2025 లెక్క ప్రకారం 12,000 పీక్యూపీ, లేదా 10,000 పీక్యూపీతో పాటు 30 పీక్యూఎఫ్ కావాలి. పీక్యూపీ డబ్బు లెక్క, పీక్యూఎఫ్ ఎక్కిన విమానాల లెక్క. పిలుపు హోదా అసలు విలువ పచ్చడి సీసాల చోటులో లేదు.

పిలుపుతో దక్కేవి వేరే రకం. అందరికంటే ముందు విమానం ఎక్కించడం, ఫోన్ చేస్తే నేరుగా అనుభవమున్న మనిషి పలకడం, విమానం రద్దయినప్పుడు మీరు అడిగేలోపే వేరే సీటు చూసి పెట్టడం, పెద్ద విమానాశ్రయాల్లో కనెక్షన్ తప్పిపోయేలా ఉంటే ఒక్కోసారి కారులో ఈ విమానం నుంచి ఆ విమానానికి దింపడం. అంటే అది సామాను సుఖం కాదు, సమయం సుఖం. గంట ఆలస్యమైతే లక్షలు పోయే పని మీకుంటేనే దానికి విలువ.

మొదటి మెట్టు: ఒక్కరినే పట్టుకోండి

మన ప్రాంతం నుంచి వెళ్లేవారి అలవాటు ఏమిటంటే, ఈసారి ఏది చవగ్గా ఉంటే అది. ఒకసారి ఎమిరేట్స్, ఒకసారి ఖతార్, ఒకసారి లుఫ్తాన్సా. డబ్బు ఆదా అవుతుంది, తప్పేం లేదు. కానీ హోదా కావాలంటే ఈ పద్ధతి పనికిరాదు. నాలుగు సంస్థల్లో తలా ఆరు లక్షలు పెట్టినవారు నలుగురికీ మామూలు ప్రయాణికుడే. అదే 24 లక్షలూ ఒక్క సంస్థలో పెడితే వాళ్ల పట్టికలో పైన కనిపిస్తారు.

ఎంచుకునేటప్పుడు మీ ఇంటి నుంచి కాదు, మీ పని ఉన్న ఊరి నుంచి చూడండి. విశాఖ నుంచి నేరుగా వెళ్లే విదేశీ విమానాలు తక్కువ, అవీ చాలావరకు చవక సంస్థలవి. భోగాపురం కొత్త విమానాశ్రయంలో 3,800 మీటర్ల రన్‌వే ఉంది కాబట్టి పెద్ద విమానాలు దిగడానికి అడ్డు లేదు గానీ, ఏ సంస్థ ఏ రూటు నడుపుతుందన్నది రన్‌వే పొడవు బట్టి ఉండదు, టికెట్ కొనేవాళ్లను బట్టి ఉంటుంది. కాబట్టి ప్రస్తుతానికి హైదరాబాద్ లేదా ఢిల్లీ మీదుగానే లెక్క వేసుకోండి. హైదరాబాద్ నుంచి ఎమిరేట్స్ దుబాయ్‌కి, ఖతార్ దోహాకి, బ్రిటిష్ ఎయిర్‌వేస్ లండన్‌కి, లుఫ్తాన్సా 2024 జనవరి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి, సింగపూర్ ఎయిర్‌లైన్స్ సింగపూర్‌కి నడుపుతున్నాయి. యునైటెడ్ ఢిల్లీ నుంచి నెవార్క్‌కి నడిపే సంస్థ. మధ్యలో ఆ సర్వీసు ఆగిన రోజులూ ఉన్నాయి కాబట్టి ఏడాది పథకం వేసుకునే ముందు అది నడుస్తోందో లేదో చూసుకోండి.

పిలుపు కోసం ఎదురుచూడటం నచ్చనివారికి ఇంకో దారి ఉంది. దాదాపు అదే స్థాయి హోదాని బహిరంగ లెక్కతో ఇచ్చే సంస్థలూ ఉన్నాయి, వాటిలో రెండు చూద్దాం. లుఫ్తాన్సా వారి హాన్ సర్కిల్‌కి 2024 నుంచి ఒక క్యాలెండర్ ఏడాదిలో 6,000 హాన్ పాయింట్లు కావాలి. ఖండాంతర బిజినెస్ క్లాస్‌లో ఒక్కో విమానానికి 200. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, అక్కడి నుంచి షికాగో, మళ్లీ వెనక్కి, మొత్తం నాలుగు విమానాలు, 800 పాయింట్లు. అంటే ఎనిమిది ట్రిప్పులతో 6,400, పని అయిపోతుంది. అన్నీ లుఫ్తాన్సా గ్రూపు విమానాలే అయ్యుండాలి, యునైటెడ్ విమానం ఎక్కితే హాన్ లెక్కలో పడదు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారి సాలిటేర్ పీపీఎస్‌కి 12 నెలల్లో 50,000 సింగపూర్ డాలర్ల పీపీఎస్ విలువ కావాలి. అది బిజినెస్, ఫస్ట్, సూట్స్ టికెట్ల మీద వచ్చే లెక్క. విశాఖ నుంచి సింగపూర్‌కి నేరుగా వెళ్లేది స్కూట్, దాంట్లో బిజినెస్ క్లాస్ లేదు. ఆ దారి పట్టేవారు హైదరాబాద్ దాకా వెళ్లక తప్పదు.

మా మాట అడిగితే, గీత కనిపించే ఆటలో పరుగెత్తడమే సుఖం. పిలుపు హోదాలో గీత ఎక్కడుందో తెలియదు, పైగా ఏటా జరుగుతూ ఉంటుంది.

రెండో మెట్టు: పేరు

మన జిల్లాల వారికి అన్నిటికంటే ముందు తగిలే రాయి ఇది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, అంతా ఇచ్చిన పేరు గడిలోనే ఉంటుంది చాలామందికి. సింహాచలం అప్పలనాయుడు అనో, పైడితల్లి రామారావు అనో, ఇంటిపేరుతో సహా ఒకే వరసలో. టికెట్ కొట్టేటప్పుడు ఇంటిపేరు గడి ఖాళీగా వదలడం కుదరదు కాబట్టి ఒక ఏజెంటు చివరి పదాన్ని ఇంటిపేరుగా వేస్తాడు, ఇంకొకడు మొత్తం పేరుని రెండుసార్లు వేస్తాడు, మరొకడు ఇచ్చిన పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పెడతాడు. విమాన సంస్థలో మీ ప్రయాణాలు జమయ్యే మైళ్ల ఖాతాలో మాత్రం మీరు స్కూల్ సర్టిఫికెట్‌లో ఉన్నట్టు రాసి ఉంటారు. రెండూ కలవకపోతే కంప్యూటరు ఆ ప్రయాణాన్ని మీ ఖాతాలో వేయదు. అది తప్పని ఎవరూ ఫోన్ చేసి చెప్పరు కూడా.

చేయాల్సింది ఇది. పాస్‌పోర్టు తెరిచి, కింద రెండు వరసల్లో బాణం గుర్తులతో ఉన్న అక్షరాలు చూడండి. మెషీన్ చదివేది అదే. మొదటి వరసలో ఇంటిపేరు, రెండు బాణం గుర్తులు, తర్వాత ఇచ్చిన పేరు ఉంటాయి. ఖాతాలో కూడా అదే వరసలో, అవే అక్షరాలతో పెట్టండి. "నాయుడు" స్పెల్లింగులో ఒక అక్షరం తేడా ఉన్నా వేరే మనిషే. పాస్‌పోర్టులో ఇంటిపేరే లేకపోతే, ఈసారి రెన్యూవల్‌లో పేరుని రెండు గడుల్లోకి విడగొట్టించుకోవడం శాశ్వత మందు. అయితే వీసా పాత పేరు మీద ఉంటే ముందు దాని సంగతి చూసుకున్నాకే ఆ పని పెట్టుకోండి.

ఇంకోటి. హోదా మనిషిది, కుటుంబానిది కాదు. నెవార్క్ నుంచి సంక్రాంతికి మీరు, ఇల్లాలు, ఇద్దరు పిల్లలు రావడానికి మీ కార్డు మీద 8,000 డాలర్లు కట్టారనుకోండి. మీ లెక్కలో పడేది మీ సీటు తాలూకు 2,000, అందులోనూ పన్నులు తీసేశాకే. మిగతావి వాళ్ల వాళ్ల నంబర్ల మీద. డబ్బు కట్టినవారికి కాదు, సీట్లో కూర్చున్నవారికి.

మూడో మెట్టు: టికెట్ చదవడం

ఇక్కడ కాస్త తీరిగ్గా కూర్చోవాలి. ఇ-టికెట్ రసీదు ముందు పెట్టుకోండి. ఏజెంటు వాట్సాప్‌లో పంపిన ఒక పేజీ ఐటినరీ కాదు, 13 అంకెల టికెట్ నంబరు ఉన్నది.

ఆ నంబరులో మొదటి మూడు అంకెలు టికెట్ ఎవరిదో చెబుతాయి. 016 అంటే యునైటెడ్, 001 అమెరికన్, 006 డెల్టా, 098 ఎయిర్ ఇండియా, 176 ఎమిరేట్స్, 157 ఖతార్, 125 బ్రిటిష్ ఎయిర్‌వేస్, 220 లుఫ్తాన్సా, 618 సింగపూర్. విమానం మీద రాసిన పేరు ఒకటి, టికెట్ మీద అంకెలు ఇంకొకటి ఉండొచ్చు. యునైటెడ్ విమానమే ఎక్కుతారు, టికెట్ మాత్రం 220తో మొదలవుతుంది. 016 టికెట్ అయితే మీరు కట్టిన ఛార్జీ డాలరుకి ఒక పీక్యూపీ లెక్కన పడుతుంది. వేరే సంస్థ టికెట్ మీద ఆ సంస్థ విమానమే ఎక్కితే దూరాన్ని, బుకింగ్ క్లాసుని (టికెట్ మీద ఛార్జీ రకాన్ని చెప్పే అక్షరాన్ని) బట్టి వచ్చే మైళ్లను 5తోనో 6తోనో భాగిస్తారు, దానికీ ఒక పై హద్దు ఉంటుంది. నాలుగు లక్షల టికెట్ కొన్నా లెక్కలో పడేది కొద్దిగానే. కాబట్టి ఏజెంటుకి డబ్బు వేసే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "బాబూ, ఈ టికెట్ ఏ మూడంకెలతో వస్తుంది?" సమాధానం చెప్పలేని ఏజెంటు దగ్గర పాతిక లక్షల ప్రయాణాలు పెట్టొద్దు.

తర్వాత ఛార్జీ గడి చూడండి. అక్కడ అంకె ఉండాలి. అంకె బదులు "ఐటీ" అనో "బీటీ" అనో ఉంటే అది బల్క్ ఛార్జీ, అంటే ఏజెంటు టోకున కొని మీకు చిల్లరగా అమ్మినది. పది, పదిహేను వేలు తక్కువకే వస్తుంది. కానీ సంస్థకు మీరు ఎంత కట్టారో కనిపించదు, అందుకని డబ్బు లెక్క వేయకుండా దూరం లెక్క వేస్తుంది. పిలుపు కోసం చూసేవారికి ఇంతకంటే చేటు లేదు. షిప్పుల్లో పనిచేసేవారికి ఇచ్చే మెరైన్ ఛార్జీ కూడా జాగ్రత్తగా చూడాల్సిందే. అదనపు బ్యాగు, తేదీ మార్చుకునే వీలు దాంట్లో మంచివే గానీ, బుకింగ్ క్లాస్ అక్షరం చూసి, ఆ అక్షరానికి మైళ్లు ఎంత శాతమో సంస్థ పట్టికలో సరిచూసుకోండి.

ఇక పన్నుల వరస. వైక్యూ, వైఆర్ అని ఉన్నవి సంస్థ తను వేసుకున్న సర్‌ఛార్జీలు, ఇవి మీ లెక్కలో పడతాయి. కె3 అంటే మన జీఎస్టీ, ఇది పడదు. విమానాశ్రయ రుసుములూ పడవు. ఎకానమీ మీద జీఎస్టీ 5 శాతమే. బిజినెస్ మీద మాత్రం 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాస్తా 18 శాతం అయింది. దీంతో బిజినెస్ టికెట్‌లో లెక్కకు రాని భాగం పెరిగింది.

ఉదాహరణకి ఢిల్లీ మీదుగా విశాఖ నుంచి షికాగోకి బిజినెస్‌లో వెళ్లిరావడానికి ఇలా ఉందనుకుందాం. బేస్ ఫేర్ 3,00,000, వైఆర్ 40,000, కె3 61,200, ఇతర రుసుములు 6,000. మీరు కట్టేది 4,07,200. లెక్కలో పడేది 3,40,000. డాలరు 90 రూపాయలనుకుంటే దాదాపు 3,777 పీక్యూపీ. "నాలుగు లక్షలు పెట్టాను కదా" అని 4,500 వేసుకుని కూర్చుంటే డిసెంబరులో గుండె జారుతుంది. కంపెనీ పని మీద వెళ్తుంటే బుక్ చేసేటప్పుడే కంపెనీ జీఎస్టీ నంబరు వేయించండి. ఆ 61,200 హోదాకి పనికిరాకపోయినా కంపెనీ పన్ను లెక్కలో తిరిగి రాబట్టుకోవచ్చు. తర్వాత వేయిస్తామంటే చాలా సంస్థలు ఒప్పుకోవు.

నాలుగో మెట్టు: ఏడాది లెక్క

పిలుపు ఎవరికి వస్తుందో సంస్థ చెప్పదు గానీ, బహిరంగంగా ఉన్న పై మెట్టు కూడా ఎక్కనివారికి దాని ఊసే ఉండదు. యునైటెడ్‌లో ఆ మెట్టు ప్రీమియర్ 1కె. 2025లో దానికి 28,000 పీక్యూపీ, లేదా 22,000 పీక్యూపీతో పాటు 60 పీక్యూఎఫ్. అంతకుముందు ఏడాది 24,000, లేదా 18,000తో పాటు 54. చూశారుగా, ఒక్క ఏడాదిలో ఎంత జరిగిందో. అందుకే ప్రతి జనవరిలో అంకెలు సంస్థ సైట్‌లో చూసుకున్నాకే పథకం వేయండి. పైగా ఎంత డబ్బు పెట్టినా, యునైటెడ్ సొంత విమానాలు కనీసం నాలుగు ఎక్కి ఉండాలి.

పై ఉదాహరణలో ట్రిప్పుకి 3,777. డబ్బు దారిలో 28,000కి ఎనిమిది ట్రిప్పులు. రెండో దారిలో 22,000కి ఆరు ట్రిప్పులు చాలు, కానీ 60 విమానాలు కావాలి. విశాఖ–ఢిల్లీ, ఢిల్లీ–నెవార్క్, నెవార్క్–షికాగో, మళ్లీ వెనక్కి అంటే ట్రిప్పుకి ఆరు, ఆరు ట్రిప్పులకు 36. ఇంకా 24 తక్కువ. అమెరికా లోపల క్లయింట్ల దగ్గరికి తిరిగేవారికి అవి తేలిగ్గా వస్తాయి. ఇక్కడే ఉండి వెళ్లొచ్చేవారికి రావు, వాళ్లు డబ్బు దారే చూసుకోవాలి.

రూపాయల్లో 28,000 అంటే పన్నులు కాక పాతిక లక్షల పైచిలుకు. పిలుపు అందుకున్న ప్రయాణికులు చెప్పుకునే అంకె దీనికి దాదాపు రెట్టింపు, 50,000 డాలర్లు, ఆపైన. సంస్థ ఎప్పుడూ ఒప్పుకున్న అంకె కాదది. మీరుండే ఊరు బట్టి, ఎక్కే రూటు బట్టి మారుతుందనీ అంటారు. సొంత జేబులోంచి ఆ తేడా పూడ్చడానికి డిసెంబరులో పనికిమాలిన టికెట్లు కొనేవారున్నారు. వద్దు. ఆ డబ్బుకి నాలుగైదుసార్లు బిజినెస్‌లో సుఖంగా వెళ్లొచ్చు. కంపెనీ ఎలాగూ పెట్టే ఖర్చు వృథా పోకుండా ఒకచోటికి చేర్చడం తెలివి. లేని ఖర్చు పుట్టించడం మాత్రం గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం అన్నట్టే.

దాపరికం లేని దారి ఒకటి మాత్రం యునైటెడ్‌లో రాసే ఉంది. సొంత విమానాల్లో మొత్తం జీవితంలో 40 లక్షల మైళ్లు ఎగిరితే గ్లోబల్ సర్వీసెస్ జీవితాంతం ఇస్తారు. ఢిల్లీ నుంచి నెవార్క్ దాదాపు 7,300 మైళ్లు. అంటే సుమారు 274 సార్లు వెళ్లి రావాలి. ఏడాదికి ఆరుసార్లు వెళ్లినా 45 ఏళ్లు దాటుతుంది. పాతికేళ్లప్పుడు మొదలెడితే డెబ్భై ఏళ్లకి.

ఐదో మెట్టు: మీ బరువు కనిపించాలి

పిలుపుల్లో కొన్ని వ్యక్తి ఖర్చు చూసి వస్తాయి, కొన్ని కంపెనీని చూసి వస్తాయి. పెద్ద కంపెనీలతో విమాన సంస్థలకు ఒప్పందాలుంటాయి. ఎవరి మాట మీద కంపెనీ ప్రయాణాలన్నీ ఒక సంస్థకు వెళ్తాయో ఆ మనిషి మీద సంస్థ కన్ను ఉంటుంది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ ప్రీమియర్ కార్డు పేరు పొందింది ఇలాంటివారితోనే. అందుకని మీది యాభై, వంద మంది తిరిగే కంపెనీ అయితే, మీ ఒక్కరి మైళ్లు చూసుకోవడం కంటే కంపెనీ పేరు మీద సంస్థలో కార్పొరేట్ ఖాతా తెరిపించి, ప్రతి టికెట్‌లోనూ ఆ ఖాతా నంబరు పడేలా చూడటం ముఖ్యం. ఏడాదికోసారి సంస్థ సేల్స్ మేనేజరు కలుస్తాడు. అప్పుడు మొత్తం ఖర్చు కాగితం ముందు పెట్టి, పోయిన ఏడాది పక్క సంస్థకు ఎంత వెళ్లిందో, ఎందుకు వెళ్లిందో మాట్లాడండి. హోదా ఇమ్మని నోరు తెరిచి అడిగితే పరవాలేదు, తప్పుగా అనుకోరు. కాకపోతే ఇచ్చే అధికారం చాలాసార్లు ఆయన చేతిలో ఉండదు, పైకి పేరు పంపడం వరకే.

కార్డు పాయింట్ల మీద ఆశ పెట్టుకోవద్దు. మన దేశంలోని క్రెడిట్ కార్డుల నుంచి విమాన సంస్థలోకి మార్చుకునే మైళ్లు టికెట్ కొనడానికి పనికొస్తాయి, హోదా లెక్కలో పడవు. ఈ రెండు రకాలనీ కలగాపులగం చేసుకునేవాళ్లే ఎక్కువ. "నాకు ఐదు లక్షల మైళ్లున్నాయి, కార్డు ఎందుకు రాలేదు" అనడం అలాంటిదే. అమెరికన్ పద్ధతి వేరు. దాంట్లో ఎగ్జిక్యూటివ్ ప్లాటినమ్‌కి కావాల్సిన 2,00,000 లాయల్టీ పాయింట్లలో అమెరికాలో వాళ్ల సొంత కార్డు మీద పెట్టే ఖర్చు కూడా కలుస్తుంది. వాళ్ల ఏడాది మార్చిలో మొదలై ఫిబ్రవరితో ముగుస్తుంది. ఎమిరేట్స్‌లో సిల్వర్‌కి 25,000, గోల్డ్‌కి 50,000, ప్లాటినమ్‌కి 1,50,000 టైర్ మైళ్లు. ఆ పైనున్నదే ఐఓ. గల్ఫ్‌లో వ్యాపారం ఉన్నవారికి ఫ్లైదుబాయ్ ప్రయాణాలు కూడా అదే ఖాతాలో కలుస్తాయన్నది మరిచిపోకూడదు.

ఆరో మెట్టు: విశాఖ నుంచి మొత్తం ఒకే టికెట్

శ్రీకాకుళం నుంచి విశాఖ విమానాశ్రయం వంద కిలోమీటర్ల పైమాటే. చాలామంది విశాఖ–ఢిల్లీ చవక సంస్థలో విడిగా కొని, ఢిల్లీ నుంచి పెద్ద టికెట్ వేరే పీఎన్ఆర్‌లో కొంటారు. నాలుగు వేలు మిగులుతాయి. డిసెంబరు, జనవరిల్లో ఢిల్లీలో మంచు పట్టి మొదటి విమానం నాలుగు గంటలు ఆలస్యమైతే పెద్ద టికెట్ "రాని ప్రయాణికుడు" కింద పోతుంది. రెండో సంస్థకు మీరు ఎందుకు రాలేదో అక్కర్లేదు. అక్టోబరు, నవంబరుల్లో మన తుపాన్ల సంగతి చెప్పక్కర్లేదు కదా. ఒకే టికెట్ అయితే తర్వాతి విమానంలో ఎక్కించాల్సిన బాధ్యత వాళ్లది. దానికితోడు విశాఖ–ఢిల్లీ ముక్క కూడా విమానాల లెక్కలో ఒకటిగా పడుతుంది. శీతాకాలంలో ఢిల్లీలో కనీసం నాలుగు గంటల ఎడం ఉంచుకోండి.

చెకిన్ చేసేటప్పుడు మైళ్ల నంబరు ఒకసారి చూడండి. మొదటి ముక్క ఎయిర్ ఇండియాది అయితే వాళ్ల నంబరు మీ దగ్గర ఉందని అది వచ్చి కూర్చుంటుంది, మీరు కోరుకున్నది తుడిచిపెట్టుకుపోతుంది. ఒక ప్రయాణం ఒక ఖాతాలోనే పడుతుంది. కౌంటరు దగ్గర "నా యునైటెడ్ నంబరు ఉందా, చూడమ్మా" అని అడిగి, బోర్డింగ్ పాస్ మీద ముద్రపడిందో లేదో చూసుకుని కదలండి.

ఏడో మెట్టు: పడిందా, లేదా

ప్రయాణం అయిన వారం, పది రోజులకి ఖాతా తెరిచి ప్రతి ముక్కా పడిందో లేదో చూడండి. ఎక్కువగా ఆగిపోయేవి జట్టు సంస్థల ముక్కలే. పడకపోతే సైట్‌లో లోటు మైళ్ల ఫారం ఉంటుంది. 13 అంకెల టికెట్ నంబరు, బోర్డింగ్ పాస్ ఫొటో కావాలి. యునైటెడ్‌లో 12 నెలల వరకు, ఎమిరేట్స్‌లో 6 నెలల వరకు అడగొచ్చు. బోర్డింగ్ పాస్ ఇంటికి రాగానే చింపి పారేయడం మానండి. సీటు మారితే గేటు దగ్గర ఇచ్చే చిన్న కాగితమే అసలు రుజువు, అదీ దాచండి. ఫోన్‌లో ఒక ఫోల్డరు పెట్టి తేదీ వారీగా ఫొటోలు వేసుకుంటే చాలు.

యునైటెడ్‌లో లెక్క జనవరి 1 నుంచి డిసెంబరు 31 వరకు. విమానం ఎక్కిన తేదీయే లెక్క, కొన్న తేదీ కాదు. జనవరి 2 టికెట్‌ని డిసెంబరులో కొన్నా అది వచ్చే ఏడాదిదే. అక్టోబరు మొదటివారంలో ఒకసారి కూడిక వేసుకోండి. అప్పటికి ముప్పాతిక భాగం రాకపోతే ఆ ఏడాది ఆశ వదిలి, మిగిలిన ప్రయాణాలను వీలైతే జనవరి తర్వాతకి నెట్టండి. 2025లో సంపాదించిన హోదా 2027 జనవరి 31 దాకా ఉంటుంది.

పిలుపు వచ్చినప్పుడు

గ్లోబల్ సర్వీసెస్ పిలుపులు సాధారణంగా జనవరిలో వస్తాయి, ఖాతాలో ఉన్న ఈ-మెయిల్‌కి. అందుకని ఖాతాలో పాత కంపెనీ మెయిల్ ఉంచొద్దు. ఉద్యోగం మారి మెయిల్ మూతపడితే పిలుపు గాలిలో పోతుంది. చిరునామా కూడా ఇప్పుడు ఉంటున్నదే ఉండాలి. సంస్థ ఏదైనా పెట్టె పంపితే అది ఆమదాలవలసలో తమ్ముడి ఇంటికి కాదు, మీ దగ్గరికి రావాలి.

ఈ హోదాకి రుసుము లేదు. "మీరు ఎంపికయ్యారు, కార్డు యాక్టివేషన్‌కి 24,999 కట్టండి" అని వాట్సాప్‌లో వచ్చిందంటే అది దొంగ. ఓటీపీ అడిగితే ముమ్మాటికీ దొంగ. మెయిల్‌లోని లింకు నొక్కకుండా, సంస్థ యాప్ తెరిచి ఖాతాలో హోదా మారిందో లేదో చూడండి. నిజమైతే అక్కడ కనిపిస్తుంది. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోన్ చేయండి. మొదటి గంటల్లో చేస్తేనే బ్యాంకులో ఆపే వీలుంటుంది.

రాకపోతే? ఒకసారి సేల్స్ మేనేజరుకి మర్యాదగా రాసి చూడండి. రెండోసారి రాయొద్దు. మీ చేతిలో ఇంకా 1కె ఉంటుంది, లేదా గోల్డ్ ఉంటుంది. పలాస జీడిపప్పు మూడో బ్యాగులో సర్దుకోవచ్చు.